తీగకు గుర్తున్నది ఎంత? లోపలి గ్రెయిన్లు ఎటు తిరిగి ఉన్నాయన్నదే లెక్క

మా మేనకోడలికి పళ్ళకు క్లిప్పులు వేయించి నాలుగు నెలలైంది. నెలకోసారి బరంపురంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది నేనే. మొన్న వస్తూ వస్తూ దారిలో ఐస్‌క్రీం కొనిపెట్టాను. రెండు చెంచాలు తిని, "మావయ్యా, చల్లటిది తింటే తీగ వదులైపోయినట్టుంటుంది. పొద్దున వేడి టీ తాగితే మాత్రం పళ్ళు బిగుసుకుపోతాయి. నిజమేనా, నాకే అలా అనిపిస్తోందా?" అని అడిగింది.

నిజమే. ఆ తీగ నికెల్, టైటానియం కలిపి చేసిన నైటినాల్. వంచినా, లాగినా తన పాత ఆకారాన్ని మళ్ళీ తెచ్చుకునే లోహం. ఇలాంటి వాటిని షేప్ మెమరీ మిశ్రమాలంటారు. వేడినీళ్ళలో వేయగానే స్ప్రింగు తిరిగి ముడుచుకునే వీడియోలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి కాబట్టి చాలామంది చూసే ఉంటారు. చూసినవాళ్ళకు వచ్చే అనుమానం కూడా మామూలుదే. మా కాలేజీలో పిల్లలు ఏటా అడుగుతారు: "సార్, రెండూ నైటినాలే, రెండింట్లోనూ నికెల్ అంతే ఉంది. మరి ఒక తీగ 8 శాతం సాగి వెనక్కి వస్తే, ఇంకో రేకు ముక్క అందులో సగం కూడా సాగదేం?"

జవాబు ఆ లోహంలో ఏముందన్న దాంట్లో దొరకదు. ఉన్నది ఎటు తిరిగి ఉందన్న దాంట్లో దొరుకుతుంది.

రేకు బకెట్ మీద కనిపించే గ్రెయిన్లు

లోహం అనగానే మైదా ముద్దలా అంతా ఒకటే పదార్థం అనుకుంటాం. కాదు. కరిగిన లోహం గట్టిపడేటప్పుడు ఒకేసారి ఎన్నో చోట్ల స్ఫటికాలు మొదలవుతాయి. ఒక్కొక్కటీ పెరుగుతూ పోయి పక్కదానికి తగిలి ఆగిపోతుంది. అలా ఆగిన ఒక్కో స్ఫటికాన్నే గ్రెయిన్ అంటారు. దాని లోపల పరమాణువులు వరిమడిలో నాట్లలా వరుస తప్పకుండా ఉంటాయి. పక్క గ్రెయిన్‌లోనూ అవే పరమాణువులు, అదే వరుస, కానీ మొత్తం మడి ఇంకో వైపుకు తిరిగి ఉంటుంది. ఈ తిరిగి ఉండటాన్నే గ్రెయిన్ దిశ అంటాం. రెండు గ్రెయిన్లు కలిసే చోటు గట్టు.

ఇది చూడటానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. కొత్త రేకు బకెట్టును ఎండలోకి తెచ్చి నెమ్మదిగా తిప్పండి. జింకు పూత మీద రూపాయి బిళ్ళంత, కొన్నిచోట్ల అంతకన్నా పెద్ద మచ్చలు కనిపిస్తాయి. బకెట్టు తిప్పుతుంటే ఇప్పటిదాకా మెరిసిన మచ్చ మసకబారి, పక్క మచ్చ తళుక్కుమంటుంది. మచ్చలన్నీ జింకే. దిశలు వేరు కాబట్టి వెలుగును వేర్వేరు వైపులకు తిప్పి పంపుతున్నాయి. పాత ఇళ్ళలో ఏళ్ళ తరబడి చేతులు పడిన ఇత్తడి తలుపు పిడుల మీద కూడా ఇలాంటి గళ్ళు తేలతాయి. చెమట ఇత్తడిని కొద్దికొద్దిగా తినేస్తుంది, ఒక్కో గ్రెయిన్‌ను ఒక్కో తీరుగా తింటుంది.

ఇత్తడి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మా గంజాం జిల్లాలో బెల్లగుంఠ ఇత్తడి చేప తెలియనివాళ్ళుండరు. పట్టుకుంటే బతికిన చేపలా మెలికలు తిరుగుతుంది. ఆ మెలిక కీళ్ళ పనితనం, ముక్కలు మాత్రం దేనికవే బిర్రుగా ఉంటాయి. కానీ రాగి, జింకు సరైన పాళ్ళలో కలిస్తే ఇత్తడి తనంతట తానే రూపం మార్చుకుని తిరిగి రాగలదని 1938లోనే గ్రెనింజర్, మూరాడియన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గమనించారు. అంతకుముందు 1932లో స్వీడన్‌కు చెందిన ఓలాండర్ బంగారం, కాడ్మియం మిశ్రమంలో రబ్బరులాంటి గుణం చూశాడు. నైటినాల్ ఆ తర్వాత వచ్చింది. 1959 నుంచి అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ చేసిన పనితో బయటపడింది. నికెల్, టైటానియం, ఆ ప్రయోగశాల పేరు, మూడింటి తొలి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది. టైటానియం ఖనిజం ఇల్మనైట్ మాకు కొత్తది కాదు. ఛత్రపురం సముద్రపు ఇసుకలోంచే దాన్ని వేరు చేస్తారు.

గుర్తుపెట్టుకోవడం అంటే లోపల జరిగేది

నైటినాల్‌కు రెండు రూపాలున్నాయి. వేడిగా ఉన్నప్పుడు పరమాణువులు చక్కటి ఘనంలా, అన్ని వైపులా సమానమైన పెట్టెలా సర్దుకుంటాయి. దీని పేరు ఆస్టెనైట్. చల్లబడితే ఆ పెట్టె ఒక పక్కకు ఒరిగి వాలిపోతుంది. దీని పేరు మార్టెన్‌సైట్. రెండో రూపంలో లోహం మెత్తగా ఉంటుంది.

పెట్టె ఏ పక్కకైనా ఒరగవచ్చు. నైటినాల్‌లో అలా ఒరిగే తీరులు 12. బయట నుంచి బలమేమీ లేకపోతే ఒక గ్రెయిన్ లోపల ఒకటి ఇటు, ఒకటి అటు ఒరిగి ఒకదానికొకటి సరిపెట్టుకుంటాయి, బయటికి ఆకారం మారదు. మనం లాగితే మాత్రం లాగిన వైపుకు ఎక్కువ పొడవు ఇచ్చే తీరే మిగతావాటిని మింగేస్తుంది. తీగ సాగుతుంది. పరమాణువులు పొరుగును వదిలి పోలేదు కాబట్టి, వేడి చేస్తే అన్నీ మళ్ళీ నిటారు పెట్టెలవుతాయి. తీగ పాత పొడవుకు వస్తుంది. కొన్ని మిశ్రమాలు మామూలు వేడిలోనే ఆస్టెనైట్‌గా ఉంటాయి. వాటిని లాగితే బలానికే ఒరుగుతాయి, వదలగానే నిటారవుతాయి. దాన్ని సూపర్ ఎలాస్టిక్ గుణమంటారు. మా పిల్ల నోట్లో పనిచేస్తున్నది ఈ గుణమే.

ఒరిగే తీరులు 12 మాత్రమే, అవి కూడా ఆ గ్రెయిన్ పెట్టెకు కట్టుబడినవే. మనం లాగే వైపుకు, ఆ పెట్టె తిరిగి ఉన్న వైపుకు పొత్తు కుదిరితే ఎక్కువ సాగుతుంది, కుదరకపోతే తక్కువ.

దర్జీలకు ఈ సంగతి బాగా తెలుసు. బరంపురం పట్టు ముక్కను పడుగు వెంట లాగండి, పేక వెంట లాగండి, పెద్దగా సాగదు. అదే ముక్కను ఐమూలగా పట్టుకు లాగితే ఇట్టే సాగుతుంది. జాకెట్టు ఒంటికి అతుక్కున్నట్టు ఉండాలంటే క్రాస్ కటింగ్ చేసేది అందుకే. ఒకే దారం, ఒకే నేత, లాగిన దిశే తేడా.

ఒకే గదిలో మూడు దిశలు

నైటినాల్ పెట్టెను ఒక గది అనుకుందాం. పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగా ఉన్న గది. అందులో మూడు రకాలుగా తాడు కట్టొచ్చు. గోడ అంచు వెంట కడితే గోడ దిశ. నేల మీద ఒక మూల నుంచి ఎదుటి మూలకు కడితే నేలమూల దిశ. నేల మూల నుంచి గది మధ్యలోంచి ఎదురుగా పైకప్పు మూలకు కడితే పైమూల దిశ. పేర్లు నేను పెట్టినవే, చెప్పుకోవడానికి వీలుగా.

ఒకే ఒక్క స్ఫటికంతో చేసిన 100 మిల్లీమీటర్ల తీగ తీసుకుని లాగితే, మార్పు వల్ల తిరిగి రాగల సాగుడు ఎంతో స్ఫటిక లెక్కల ద్వారా కట్టొచ్చు. గోడ దిశలో సుమారు 2.7 మిల్లీమీటర్లు. నేలమూల దిశలో 8.4. పైమూల దిశలో దగ్గరదగ్గర 10. అంటే లోహం మారకుండానే, కేవలం తిప్పి పట్టుకున్నందుకు మూడు రెట్లకు పైగా తేడా.

ఇప్పుడు లాగడం మానేసి నొక్కుదాం. గోడ దిశలో 4.2, నేలమూల దిశలో 5.2, పైమూల దిశలో 3.6. లాగితే మొదటి ర్యాంకు వచ్చిన దిశ నొక్కితే చివరికి పోయింది. క్లాసులో ఇది చెప్పినప్పుడు పిల్లలు తప్పు రాశానేమోనని బోర్డు వంక మళ్ళీ చూస్తారు. తప్పేమీ లేదు. వాలిన పెట్టె ఒక దిశలో పొడవయ్యేంతగా ఇంకో దిశలో పొట్టి అవ్వాలని రూలేమీ లేదు.

పళ్ళ తీగ విషయంలో ఇది నేరుగా పనికొస్తుంది. తీగను వంచితే బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుంటుంది. అంటే ఒకే తీగలో రెండు లెక్కలూ ఒకేసారి నడుస్తాయి. బయటి సగం సులువుగా లొంగితే లోపలి సగం మొండికేస్తుంది. సాగని, నొక్కుకోని గీత తీగ నడిమధ్యలో ఉండాల్సింది, లోపలి వైపుకు జరుగుతుంది.

ఒక్క స్ఫటికం కాదు, లక్షల గ్రెయిన్లు: అప్పుడు లెక్కేమిటి?

నిజం తీగలో గ్రెయిన్లు లెక్కలేనన్ని. తలా ఒక దిక్కు చూస్తుంటే ఏమవుతుందో మూడింటితోనే చూద్దాం. ఒకటి 3 శాతం సాగగలదు, ఒకటి 8, ఒకటి 10.

మూడింటినీ గొలుసులా ఒకదాని తర్వాత ఒకటి కట్టి లాగామనుకోండి. ఒక్కోటి 100 మిల్లీమీటర్లయితే 3, 8, 10 కలిపి 21 మిల్లీమీటర్లు. మొత్తం 300కు 7 శాతం. దేని ఓపిక దానిదే, ఎవరూ ఎవరికీ అడ్డం రాలేదు.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి, రెండు చివర్లా అతికించి లాగుదాం. మూడూ ఒకేలా సాగాలి. 3 శాతం దగ్గర మొదటిది ఆగిపోతుంది. మిగతా రెండూ ఇంకా సాగగలవు కానీ కదలలేవు. లాగడం ఆపకపోతే మొదటిదైనా పాడవ్వాలి, లేదా గట్టు దగ్గర పగలాలి.

నిజమైన లోహం ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఎక్కడన్నది పక్కపక్క గ్రెయిన్లు ఎంత ఒకే తీరుగా తిరిగి ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. ఎక్కువ గ్రెయిన్లు ఒకే వైపు తిరిగి ఉండటాన్ని టెక్స్చర్ అంటారు. నైటినాల్ తీగను కంసాలి కమ్మచ్చులోంచి బంగారు తీగ లాగినట్టే చిన్న చిన్న కంతల్లోంచి లాగి లాగి సన్నం చేస్తారు. లాగుతుంటే గ్రెయిన్లు తిరుగుతాయి. ఆ తర్వాతి వేడితో కలిపి చూస్తే, తీగల్లో, గొట్టాల్లో చాలా గ్రెయిన్లకు పైమూల దిశ తీగ పొడవు వెంటే పడుతుంది. లాగడానికి అన్నింట్లోకీ మంచి దిశ అదే కదా. నైటినాల్ తీగ అంత బాగా సాగి వెనక్కి రావడానికి ఇదొక పెద్ద కారణం. అదే లోహాన్ని రోలర్ల కింద రేకుగా ఒత్తితే, ఒత్తిన వెంట కోసిన పట్టీ ఒకలా, అడ్డంగా కోసిన పట్టీ ఇంకోలా సాగుతాయి. మా పిల్లలడిగే రేకు ముక్క ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

రాగి మిశ్రమాల కథ ఇంకా తీవ్రం. రాగి, అల్యూమినియం, నికెల్ కలిపిన మిశ్రమం ఒకే స్ఫటికంగా ఉంటే అద్భుతంగా సాగుతుంది. మామూలుగా పోత పోసి చాలా గ్రెయిన్లతో చేస్తే గట్ల వెంట పుటుక్కున పగులుతుంది. ఒక్కో గ్రెయిన్ ఒక్కో దిశలో ఒక్కోలా బిగుసుకోవడం ఇందులో నైటినాల్ కంటే చాలా ఎక్కువ. ఆ తేడా అంతా గట్టు మీద పడుతుంది. దీనికి దొరికిన ఒక ఉపాయం మా రాయగడ, కోరాపుట్ కొండల మీది వెదురును గుర్తుచేస్తుంది. తీగ మందమంతా ఒకే గ్రెయిన్ ఉండేలా, వెదురు కణుపుల్లా ఒకదాని మీద ఒకటి వరుసగా గ్రెయిన్లు పెంచుతారు. పక్కన ఆపేవాళ్ళు లేరు. పైన చెప్పిన గొలుసు లెక్కే నిజమవుతుంది. పరిశోధకులు కూడా దీన్ని వెదురు నిర్మాణమనే అంటారు. 2013లో జపాన్ పరిశోధకులు రాగి, అల్యూమినియం, మాంగనీస్ మిశ్రమాన్ని పదేపదే వేడి చేసి చల్లార్చి, ఒక్కో గ్రెయిన్‌ను సెంటీమీటర్లలో కొలిచేంత పెద్దగా పెంచారు.

వేడి టీ లెక్క

ఇప్పుడు మా మేనకోడలి ప్రశ్న. వేడి పెరిగితే లోహం నిటారు రూపంలోనే ఉండాలనుకుంటుంది. దాన్ని ఒరిగించాలంటే ఎక్కువ బలం కావాలి. ఎంత ఎక్కువ? నైటినాల్ రూపం మారేటప్పుడు గ్రాముకు సుమారు 20 జౌళ్ళ వేడి చేతులు మారుతుంది. ఘన సెంటీమీటరు బరువు 6.45 గ్రాములు, కాబట్టి ఘన సెంటీమీటరుకు 129 జౌళ్ళు. దీన్ని 300 కెల్విన్‌లతో, అంటే సుమారు మన గది వేడితో భాగిస్తే 0.43. ఈ సంఖ్యను మళ్ళీ సాగుడుతో భాగించాలి. 10 శాతం సాగే దిశలో 0.43ను 0.10తో భాగిస్తే డిగ్రీకి 4.3 మెగాపాస్కల్స్. 3 శాతమే సాగే దిశలో 14కు పైన. చదరపు మిల్లీమీటరు మందమున్న తీగకు 100 గ్రాముల బరువు వేలాడదీస్తే దాదాపు ఒక మెగాపాస్కల్ అనుకోండి.

టీ తాగినప్పుడు తీగ 37 నుంచి 50 డిగ్రీలకు వెళ్ళిందనుకుందాం. 13 డిగ్రీలు. మంచి దిశలో బిగువు 56 మెగాపాస్కల్స్ పెరుగుతుంది, మొండి దిశలో 180 పైన. ఐస్‌క్రీం తింటే ఇదే లెక్క తిరగబడి తీగ వదులవుతుంది. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. ఆ బిగువు ఎంత మారిందన్న దాంట్లో గ్రెయిన్ల దిశకు కూడా వాటా ఉంది.

దిశే అంతా అంటే ఒప్పుకోనివాళ్ళు

ఇక్కడ శాస్త్రవేత్తలందరిదీ ఒకే మాట కాదు, ఎవరి వాదనలో బలం వారిది.

ముఖ్యం పాళ్ళేనంటారు కొందరు. నికెల్ ఎక్కువున్న వైపు, వెయ్యి పరమాణువులకు ఒక్క పరమాణువు అటూ ఇటూ అయినా మార్పు జరిగే వేడి సుమారు 10 డిగ్రీలు జరిగిపోతుంది. పళ్ళ తీగ 37 డిగ్రీల నోట్లో పనిచేయాలి. 10 డిగ్రీల తేడా వస్తే టెక్స్చర్ ఎంత గొప్పగా ఉన్నా ఏం లాభం? పైగా నికెల్ కాస్త ఎక్కువున్న మిశ్రమాన్ని 400, 500 డిగ్రీల మధ్య కొంతసేపు ఉంచితే, నాలుగు పాళ్ళ నికెల్, మూడు పాళ్ళ టైటానియం ఉన్న సన్నటి పలుకులు లోపల తయారవుతాయి. అవి చుట్టూ తమ బిగువును వ్యాపింపజేసి, దిశను బట్టి వచ్చే తేడాను తగ్గిస్తాయి.

ఇంకో వాదన 1996లో కౌశిక్ భట్టాచార్య, రాబర్ట్ కోన్ గణితంతో చూపించినది. ఒరిగే తీరులు ఎన్నున్నాయన్నదే అసలు సంగతి అని. మూడే తీరులున్న మిశ్రమంలో గ్రెయిన్లు చెల్లాచెదురుగా తిరిగి ఉంటే, పక్కవాటితో సర్దుకోలేక గుర్తుపెట్టుకునే గుణమే దాదాపు కనిపించదు. 12 తీరులున్న నైటినాల్‌కు సర్దుకునే దారులు ఎక్కువ, అందుకే గ్రెయిన్లు అటూ ఇటూ ఉన్నా నెట్టుకొస్తుంది.

దిశను నమ్మినవాళ్ళ చేతిలోనూ గట్టి ఆధారముంది. 2010లో జపాన్‌లో ఇనుము ఆధారంగా చేసిన ఒక మిశ్రమం 13 శాతం పైగా సాగి వెనక్కి వచ్చింది. గ్రెయిన్లన్నింటినీ దాదాపు ఒకే వైపు తిప్పగలిగారు కాబట్టే అది సాధ్యమైంది.

నాకు అర్థమైనంతలో ఈ వాదనలు ఢీకొనేవి కావు. తీగ ఏ వేడి దగ్గర గుర్తు తెచ్చుకోవాలో పాళ్ళు చెబుతాయి. ఎంత సాగాలో, ఎంత బలానికి సాగాలో దిశ చెబుతుంది. ఎప్పుడు అన్న ప్రశ్నను, ఎంత అన్న ప్రశ్నను ఒకే మూటలో కట్టినప్పుడే గందరగోళం.

ఎక్కువ సాగే దిశకే ఎక్కువ అలసట

మరి అన్ని గ్రెయిన్లనూ పైమూల దిశకు తిప్పేస్తే సరిపోదా? సరిపోదు. లోహం ఒరగడమే కాదు, జారగలదు కూడా. పేకముక్కల కట్టను నిలువుగా నొక్కితే ముక్కలు కదలవు. ఏటవాలుగా నెడితే సర్రున జారతాయి. నైటినాల్ పెట్టెల్లో కూడా ఇలా జారే పొరలున్నాయి. ఒరిగింది వెనక్కి వస్తుంది, జారింది రాదు.

జారడం ఎంత సులువో ఒక సంఖ్యలో చెప్పొచ్చు. లాగే దిశకు, పొరకు నిలువుగా గీసిన గీతకు మధ్య కోణం కొసైన్, లాగే దిశకు, జారే దారికి మధ్య కోణం కొసైన్, రెండూ గుణించాలి. ఎక్కువలో ఎక్కువ 0.5 వస్తుంది. నైటినాల్ ఆస్టెనైట్‌కు కడితే గోడ దిశలో సున్నా. నేలమూల దిశలో 0.5ను 0.707తో గుణిస్తే 0.35. పైమూల దిశలో 0.816ను 0.577తో గుణిస్తే 0.47.

అన్నింటికంటే ఎక్కువ సాగే దిశే అన్నింటికంటే సులువుగా జారే దిశ కూడా. తక్కువ సాగే గోడ దిశ మాత్రం జారడానికి ససేమిరా అంటుంది. కాలి రక్తనాళాల్లో వేసే నైటినాల్ స్టెంట్లను గొట్టం నుంచి లేజరుతో జల్లెడలా కోస్తారు. గుండె స్టెంట్లు ఎక్కువగా బెలూన్‌తో విప్పే వేరే లోహాలవి, రెండింటినీ కలిపి చెప్పుకోవడం మన దగ్గర మామూలైపోయింది. ఆ జల్లెడ కడ్డీలు గొట్టం పొడవుకు ఏటవాలుగా ఉంటాయి. అంటే గొట్టం టెక్స్చర్ మంచిదైనా కడ్డీ లాగుడు వేరే దిశలో పడొచ్చు. నడిచే ప్రతి అడుగుకూ కాలి నాళం వంగుతుంది కాబట్టి, అలసటను, అంటే పదేపదే వంగి లోహం బలహీనపడటాన్ని బట్టి కోణాన్ని ఎంచుకోవడం చిన్న విషయం కాదు. త్రీడీ ప్రింటింగ్‌లో చేసిన నైటినాల్‌లోనైతే గోడ దిశ తరచుగా పొరలు పేర్చుకుంటూ పైకి వెళ్ళే వైపే పడుతుంది. ఆ వైపు లాగితే నిరాశే. నొక్కే పనికి పెడితే మాత్రం పైమూల దిశ కంటే నయం, పైగా జారదు.

మొన్న డాక్టరు తీగ మార్చినప్పుడు పాతది అడిగి తెచ్చుకున్నాను. లాడంలా వంగి ఉంది. ఐస్ నీళ్ళలో పెట్టి వేళ్ళతో తిన్నగా చేశాం. తిన్నగానే ఉండిపోయింది. స్టీలు గిన్నెలో వేడినీళ్ళు పోసి అందులో వేయగానే చిన్న చప్పుడుతో మళ్ళీ లాడమైంది. మేనకోడలు చప్పట్లు కొట్టి, మళ్ళీ మళ్ళీ చేయించింది. ఇరవైసార్లు దాటాక తీగను కాగితం మీద పెట్టి మొదట గీసుకున్న గీతతో పోల్చాం. ఒక చివర గీతకు రెండు మిల్లీమీటర్లు బయటికి ఉంది. మరిగే నీళ్ళలో వేసినా ఆ రెండు మిల్లీమీటర్లు వెనక్కి రాలేదు.